ఎండాకాలం పుట్టినరోజుకు పండ్ల టోపీలు ఇంట్లోనే చేయాలి, చీనీకాయ (బత్తాయి) టోపీ ఎట్లా?

చీనీతోట ఇల్లు, అనంతపురం:
అందరికీ నమస్తే. మే రెండో వారంలో మా చిన్నోడికి ఐదేళ్లు నిండుతాయి. ఇరవై మంది పిల్లలొస్తారు, సాయంత్రం ఇంటి ముందు వేపచెట్టు కిందే చేస్తాం. పోయినేడు అంగట్లో కొన్న టోపీలు పెడితే అంచు నుదుటికి గీసుకుంది, ఎలాస్టిక్ దారం గడ్డం కింద ఎర్రగా అచ్చు పడింది, అర్ధగంటకే పిల్లలందరూ తీసి పక్కన పడేశారు. అందుకే ఈసారి నేనే చేద్దామని కూర్చున్నా. వీడియోల్లో చూస్తే అన్నీ స్ట్రాబెర్రీలు, పైనాపిల్‌లు. మావాడు పొద్దస్తమానం వాళ్ల తాతతో చీనీతోటలోనే ఉంటాడు, వాడికి చీనీకాయ టోపీయే కావాలంట. నారింజ రంగు చార్టు చుట్టి పైన ఆకు అతికించి చూపిస్తే "ఇది చీనీ కాదు, కమలాపండు" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. పైగా కొన ఒక పక్కకు వంగిపోయింది. కొలతలు, కాగితం, జిగురు, ఏదైనా సరే, చేసినవాళ్లు చెప్పండి.

కడప అక్క:
కొన వంగిందంటే చుట్టేటప్పుడు మధ్య బిందువు జరిగిపోయి ఉంటుంది. చార్టు అంచు మీద ఒక చుక్క పెట్టుకో, దారానికి పెన్సిల్ కట్టి ఆ చుక్క నుంచి 15 సెంటీమీటర్లు వదిలి అర్ధవృత్తం గీసి కత్తిరించు. ఆ చుక్కే టోపీ కొన అవుతుంది, కాబట్టి చుట్టినంతసేపూ దాన్ని బొటనవేలితో వదలకుండా పట్టుకోవాలి. చుట్టే ముందు కాగితాన్ని బల్ల అంచుకు వేసి రెండు మూడుసార్లు కిందికి లాగితే దానంతటదే వంపు తిరుగుతుంది, ముడతలు పడవు. అంచులు రెండు సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా అతికిస్తే కింది చుట్టు 45 దాకా వస్తుంది, ఐదేళ్ల పిల్లల తలకు చెవుల పైన సరిగ్గా కూర్చుంటుంది. పెద్ద చార్టులో ఆరు వస్తాయి, ఇరవై మందికి నాలుగు చార్టులు చాలు.

ఇంకో మాట, ఆ అర్ధవృత్తం చుట్టకముందు అచ్చం కళింగర ముక్కే కదా! ఎర్ర చార్టు తీసుకుని వంపు అంచు వెంబడి వేలెడు ఆకుపచ్చ పట్టీ, దాని పైన సన్నంగా తెలుపు, మిగతా ఎరుపు మీద నల్ల స్కెచ్ పెన్నుతో గింజలు. గింజలకు పూసలు మాత్రం అతికించొద్దు, చిన్నపిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు.

కర్నూలు నుంచి:
అక్క చెప్పిన కొలతలు బాగున్నాయి కానీ మన ఎండలు మర్చిపోవద్దు. మేలో సాయంత్రం ఆరైనా వేడి దిగదు. నేను మా పాప పుట్టినరోజుకు క్రేప్ పేపర్‌తో చేసి చాలా బాధపడ్డా, చెమట తగిలి రంగు దిగి పిల్లల నుదుళ్లన్నీ ఎర్రగా అయ్యాయి, కొత్త గౌన్లకూ మరకలు పడ్డాయి. చార్టే వాడండి, నుదుటికి తగిలే చోట లోపల పాత కాటన్ చీర పీలిక అతికించండి, చెమట అదే పీల్చుకుంటుంది. శంకు టోపీ అయితే కొన దగ్గర కొంచెం కత్తిరించి గాలి ఆడేలా వదలాలి.

నన్నడిగితే చీనీకి శంకు వద్దు, పట్టీ మేలు. 55 సెంటీమీటర్ల పొడవు, నాలుగు వెడల్పు పట్టీ తీసుకుని తల చుట్టూ చుట్టి అతికించండి, ముందు వైపు అడ్డంగా కోసిన చీనీ చక్రం పెట్టండి. పచ్చనివన్నీ చీనీ కావు, కాబట్టి రంగు దగ్గర జాగ్రత్త: తొక్క లేత ఆకుపచ్చలో పసుపు కలిసినట్టు ఉంటుంది, దాని లోపల తెల్లటి వలయం, తొనలు బాగా లేత పసుపు. మామిడి చేస్తే కూడా అంతే, బొమ్మల్లో ఉండే ఎర్ర బుగ్గ వేయొద్దు. మన బనగానపల్లె పండు అంతా ఒకే పసుపు, నున్నగా ఉంటుంది. 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన పండు, దాని రూపం దానికే ఉండనిద్దాం.

చీనీతోట ఇల్లు, అనంతపురం:
చాలా థ్యాంక్స్, ఇద్దరికీ. మా ఆడబిడ్డ పాపకు రెండేళ్లు, ఎలాస్టిక్ పెట్టొచ్చా?

బడి పంతులమ్మ, పులివెందుల:
వద్దమ్మా. అంత చిన్నపిల్లలకు మెడ దగ్గర ఏ దారమూ పెట్టకూడదు, పట్టీ టోపీయే చాలు. పెద్దపిల్లలకు కూడా ఎలాస్టిక్ బిగించొద్దు, చెవి నుంచి గడ్డం కింద వేలు దూరేంత వదులు ఉండాలి. స్టేప్లర్ పిన్ను కొడితే మొనలు బయటికి రావాలి, వాటి మీద టేపు అంటించాలి. ఇంకా, అన్నీ నువ్వే పూర్తి చేసి పెట్టకు. పట్టీలు, చక్రాలు కత్తిరించి ఇస్తే తొనలు, గింజలు పిల్లలే గీసుకుంటారు. ముందు గంటసేపు వాళ్లకు అదే ఆట, తాము చేసుకున్న టోపీని తీసి పడేసిన పిల్లను నేను ఇంతవరకు చూడలేదు. అరటిపండు కావాలంటే పసుపు పట్టీకి పైన మూడు తొక్కలు విడిచినట్టు బయటికి వంచండి, మా పిల్లలు ముందు దానికే పోటీపడతారు.

చీనీతోట ఇల్లు, అనంతపురం:
నిన్న రాత్రి చక్రం ఒకటి చేసి చూపించా. వాడు ఏమీ అనకుండా వంటింట్లోకెళ్లి చీనీకాయ తెచ్చి నాతో అడ్డంగా కోయించాడు, వేలు పెట్టి తొనలు లెక్కపెట్టాడు, పదకొండు. నేను పదే గీశా. ఇంకో గీత గీసిచ్చాక తలకు పెట్టుకుని అలాగే పడుకున్నాడు.