రొమ్ము క్యాన్సర్ చంకలో బిళ్లలకు పాకితే ఇక ఆశ లేనట్టేనా?

కందుకూరు_చెల్లెలు:
మా అక్కకు 48 ఏళ్లు, ఇంకా నెలసరి ఆగలేదు. రొమ్ములో గడ్డకు చెన్నైలో ఆపరేషన్ చేశారు. చంకలోంచి తీసిన 16 బిళ్లల్లో (లింఫ్ గ్రంథుల్లో) 2 బిళ్లలకు క్యాన్సర్ పాకిందని రిపోర్టులో రాశారు. ఈఆర్ (ఈస్ట్రోజెన్ హార్మోను గ్రాహకం) పాజిటివ్, హెర్-2 (క్యాన్సర్ కణాల పెరుగుదలను పెంచే ప్రోటీను) నెగటివ్. చంకకు వచ్చిందంటే ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే అని చుట్టాలు అంటున్నారు. తెలిసినవారు చెప్పండి.

ఒంగోలు_మాస్టారు:
అమ్మా, చుట్టాలు మొరటుగా చెప్పి ఉండవచ్చు గాని అసత్యం చెప్పలేదు. 1 నుంచి 3 బిళ్లలైతే ఒక తరగతి, 4 నుంచి 9 అయితే రెండవది, 10 గాని అంతకు మించి గాని ఉంటే మూడవది. సంఖ్య పెరిగే కొద్దీ వ్యాధి తిరగబెట్టే అవకాశమూ పెరుగుతుంది. మా ఇంటావిడకు 14లో 7 వచ్చాయి. రెండేళ్లు కూడా దక్కలేదు.

పొదిలి_ల్యాబ్:
ఒక్క మాట. చంక నుంచి వచ్చిన కొవ్వును ఫార్మలిన్‌లో ఉంచి, వేళ్ల మధ్య నలిపి చూస్తూ, కందిగింజంత ఉన్న బిళ్లను కూడా ఏరతాము. ఎన్ని దొరికితే అన్నే రిపోర్టులోకి వెళ్తాయి.

ఒంగోలు_మాస్టారు:
అంటే 14 అన్నది తప్పంటారా? ఏడింటిలో ఉన్నది ఉన్నట్టే కదా.

పొదిలి_ల్యాబ్:
తప్పనలేదు సార్.

కావలి_కోడలు:
మాస్టారూ, మీ తరగతులు సరైనవే, కాని అక్కడే ఆగిపోతున్నారు. 2018 నుంచి అమెరికాలో అమల్లోకి వచ్చిన దశల పద్ధతిలో గడ్డ కొలత, బిళ్లల సంఖ్యలతో పాటు గ్రేడు (కణాలు మామూలు రూపం నుంచి ఎంత మారాయో చెప్పేది), ఈఆర్, పీఆర్ (ప్రొజెస్టిరాన్ హార్మోను గ్రాహకం), హెర్-2 కూడా చేర్చి అంచనా వేస్తున్నారు. రెండేసి బిళ్లలే ఉన్న ఇద్దరి భవిష్యత్తు ఒకటి కాదు. మా అత్తగారికి 18లో 3 వచ్చాయి, 11 ఏళ్లుగా మాతోనే ఉన్నారు. చెయ్యి వాపు వల్ల ఎడమ చేతికి గాజులు వేసుకోలేరు, అంతే. 1971లో అమెరికాలో మొదలైన ఒక పెద్ద పరిశోధనలో, డాక్టరు తడిమి చూస్తే చంకలో బిళ్లలు చేతికి తగలని స్త్రీలలో కొందరికి వాటిని ముందే తీసేసి, కొందరికి తీయకుండా వదిలి 25 ఏళ్లు గమనించారు. బతికిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే తుఫాను ఉందని తెలుస్తుంది గాని, సూచిక దించినంత మాత్రాన తుఫాను పోదు కదా.

ఒంగోలు_మాస్టారు:
రేవు సూచికలు మీరు చూశారు, తుఫాను మా ఇంట్లోకి వచ్చింది. మీ అత్తగారు బతికారు గనుక పరిశోధనలు రుచిస్తున్నాయి. ఏడు అన్న అంకె విన్న రోజే నాకు అంతా తెలిసిపోయింది.

కావలి_కోడలు:
మీకు తెలిసింది సరే. ఆమెకు చెప్పారా?

నెల్లూరు_పెద్దన్న:
కోడలమ్మా, అది అడగకూడని ప్రశ్న.

కందుకూరు_చెల్లెలు:
నేనే అడగాల్సిన ప్రశ్న అది. మా అక్కకూ చెప్పలేదు. కీమో ఎందుకని అడుగుతుంటే జాగ్రత్త కోసమంటున్నాము.

కావలి_కోడలు:
2021లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ఇలాంటి 1 నుంచి 3 బిళ్లల వ్యాధిలో గడ్డ జన్యుపరీక్ష (వ్యాధి తిరగబెట్టే ముప్పును అంచనా వేసేది) స్కోరు 25 మించకపోతే, నెలసరి ఆగినవారికి కీమో వల్ల అదనపు లాభం కనబడలేదు, ఆగనివారికి కనబడింది. కనుక మీ అక్కకు కీమో అనడానికి కారణం ఉంది. ఆ కారణం తెలియకుండా ఆరు నెలలు ఓర్చుకోమనడం అన్యాయం. మాస్టారూ, మిమ్మల్ని నొప్పించాలని అడగలేదు.

ఒంగోలు_మాస్టారు:
రెండు రోజులు ఇటు రాలేదు. చెప్పలేదమ్మా. చెన్నై నుంచి పినాకిని రైల్లో తిరిగి వస్తూ గూడూరు దాటాక ఆమె అడిగితే, అంతా శుభ్రంగా తీసేశారట అన్నాను. రిపోర్టును బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టాను. నిన్న తీసి చూశాను. మొదటి పేజీలో 7/14 దగ్గర నేను గీసిన గీత ఉంది. గ్రేడు, ఈఆర్, పీఆర్, హెర్-2 రెండవ పేజీలో ఉన్నాయి. ఆ పేజీ నేను ఇంతవరకు చదవలేదు.

కందుకూరు_చెల్లెలు, మీ అక్కకు రెండు పేజీలూ ఇవ్వండి.