పద్మనాభం యుద్ధం: తిరుగుబాటా, బాకీ తగాదానా?

గంటస్తంభం కుర్రాడు:
మొన్న ఆదివారం మా బావా నేనూ పద్మనాభం కొండెక్కాం. దిగాక, అక్కడి యుద్ధంలో పోయిన విజయనగరం రాజు విజయరామరాజు సమాధి దగ్గర నేను చెప్పులు విప్పి దండం పెట్టాను. బావ బండి మీంచి దిగనే లేదు. "బాకీ కట్టలేక చచ్చిపోయిన జమీందారుకి దండమేటిరా" అన్నాడు. విజయనగరం వచ్చేదాకా ఇదే గొడవ. 1794 జులై 10న అక్కడ జరిగింది ఈస్టిండియా కంపెనీ మీద తిరుగుబాటే అని నా వాదన. 1857 కన్నా 63 ఏళ్ల ముందు! మీరేమంటారు?

బొబ్బిలి వీణ:
మీ బావగారికే నా ఓటు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల్ని వెంటబెట్టుకొచ్చి మా బొబ్బిలి కోట మీద పడింది ఎవరండీ? విజయనగరం వారే. ఆ మరుసటి ఏడాదే ఫ్రెంచివాళ్లు గిట్టక ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టింది ఎవరు? మళ్లీ వారే, ఆనందరాజు. కంపెనీ తరఫున క్లైవు కర్నల్ ఫోర్డును పంపాడు, చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. పిలిచి పీట వేసిన చుట్టం ఇల్లు తనదంటే అప్పుడు గుర్తొచ్చిందా స్వాతంత్ర్యం?

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
వీణ గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. కానీ 1758లో పిలిచింది ఒకరు, 1794లో చచ్చిపోయింది ఇంకొకరు. పైగా ఆ నడుమ కంపెనీయే మారిపోయింది. ఆనందరాజు పిలిచినప్పుడు అది ఫిరంగులున్న వ్యాపారి. 1766లో నిజాంతో ఒప్పందమయ్యాక ఉత్తర సర్కారులకు, అంటే మన ఈ కోస్తా జిల్లాలకు, ప్రభువు.

ఇక బాకీ సంగతి. కప్పం బాకీ కింద కంపెనీ అడిగింది 8.5 లక్షల రూపాయలు. అంత లేదన్నది రాజు మాట. లెక్కలో ఎవరిది తప్పన్నది నాకంత ముఖ్యం కాదు. ఎందుకంటే గొడవకి మూలం పదేళ్ల ముందే ఉంది. 1784లో కంపెనీ సర్క్యూట్ కమిటీ, అంటే ఊళ్లు తిరిగి విచారించే సంఘం, ఈ జిల్లా తిరిగి, విజయనగరానికి 12,000 పైగా సైన్యం ఉందనీ, అది తమకు ప్రమాదమనీ రాసుకుంది. ఆ తర్వాత జరిగినవి వరసగా చూడండి. 1793లో కోట పట్టుకున్నారు. రాజుకి నెలకు 1,200 రూపాయలు ఇస్తాం, మచిలీపట్నం వెళ్లి ఉండమన్నారు. అప్పున్నవాడి దగ్గర అప్పు వసూలు చేస్తారు గానీ, ఎదురు జీతమిచ్చి ఊరు వదలమంటారా? వాళ్లకి కావలసింది డబ్బొక్కటే కాదు, ఆ సైన్యం లేకుండా పోవడం.

రాజు బయల్దేరాడు. పద్మనాభం దాకా వచ్చి ఆగిపోయాడు. తెల్లవారేసరికి కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలు వచ్చి పడ్డారు. యుద్ధమని పెద్ద మాట అంటాం గానీ ముప్పావు గంటలో అయిపోయింది. రాజు చుట్టూ నిలబడి పేరున్న క్షత్రియ కుటుంబాల వాళ్లు ఎందరో పోయారు. పారిపోవడానికి దారి లేకనా? కొండ వెనకంతా దారే.

గంటస్తంభం కుర్రాడు:
మాస్టారూ, నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారు. ఇంకోటి. అమెరికావాళ్లదీ పన్ను గొడవే కదా? 1765లో స్టాంపుల పన్ను, 1773లో టీ. వాళ్లది విప్లవం, మనది బాకీ తగాదానా?

పాలకొండ రోడ్డు:
తమ్ముడూ, అక్కడే పప్పులో కాలేశావు. ఫ్రెంచివాళ్లతో యుద్ధం చేసి 1763కి ఇంగ్లండు అప్పుల్లో మునిగింది, ఆ భారం వలసల మీద వేసింది. అంతవరకు పోలిక సరే. కానీ అక్కడ ఊరూరా సభలున్నాయి, పత్రికలున్నాయి. మా ప్రతినిధి లేని పార్లమెంటు మా మీద పన్నెలా వేస్తుందని అడిగారు. పద్మనాభంలో ఆ ప్రశ్న ఎవరడిగారు? రైతు తరఫున ఎవరున్నారు?

అన్నట్టు, 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్లకి లొంగిపోయిన ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిసే అయిదేళ్లకి మనకి గవర్నర్ జనరల్‌గా దిగాడు. బెంగాల్లో అతను 1793లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే 1802లో విజయనగరానికొచ్చింది. అక్కడ ఓడినవాడు పెట్టిన ఏర్పాటు మన నెత్తిన నూటయాభై ఏళ్లు కూర్చుంది.

బావ:
నేనే ఆ బావని. బండి దిగలేదన్నది నిజం. మోకాలు నొప్పి కూడా ఉందని రాయలేదు వీడు.

మాస్టారూ, రాజు ధైర్యాన్ని నేను కాదనను. తర్వాతేమైందో చెప్పండి. కొడుకు నారాయణబాబు మన్యం దొరల అండన కొన్నాళ్లు దాక్కున్నాడు. 1796లో కంపెనీ పిలిచి జమీ ఇచ్చింది. 1802లో ఏటా కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ (కప్పం) 5 లక్షలు, జమీలో 1,157 గ్రామాలు. జమీందారు కట్టేది ఎప్పటికీ అంతే. మరి రైతు కట్టేది? దానికి గట్టి కట్టుబాటు లేదు.

మా తాత ఇనప్పెట్టెలో ఒక శిస్తు రశీదు ఉంది. ఏ ఎస్టేటుదో చెప్పను. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది, దివాణం ముద్ర సగమే కనిపిస్తుంది. కాలవ నీళ్లు రాని ఏడాది కూడా అంతా కట్టానని చెప్పేవాడు. మా నాన్న ఆ ముక్కల్ని మైదా ముద్దతో అట్ట మీద అతికించి ఉంచాడు. 1948 చట్టంతో ఎస్టేట్లు పోయేదాకా మాకు దొర ఎవరో తెలుసు, ఇంగ్లండు రాజు ఎవరో తెలీదు.

రిటైర్డ్ సోషల్ మాస్టారు:
బావగారూ, ఆ రశీదు జాగ్రత్త. కానీ ఒక్క మాట. సైన్యం ఉన్న రాజుని చంపి, సైన్యం లేని జమీందారుని తయారుచేసింది పద్మనాభమే. శిస్తు వసూలు తప్ప ఇంకో పని లేకుండా చేశారు. మీ తాత కష్టం మొదలైంది కూడా ఆ ముప్పావు గంటలోనే అంటాను. ఇంకా వీణ గారూ, విజయనగరం కింద అణిగి ఉన్న పాత జమీలు, మీ బొబ్బిలి, సాలూరు, కురుపాం, మళ్లీ లేచింది ఆ ఓటమి తర్వాతే.

బొబ్బిలి వీణ:
తెలుసండీ. అందుకే మేం దండం పెట్టినా తప్పే, పెట్టకపోయినా తప్పే.

పాలకొండ రోడ్డు:
తిరుగుబాటు చూడాలంటే మా శ్రీకాకుళం వైపు రండి. పర్లాకిమిడి, పాలకొండల్లో ఎంతకీ అణగకపోతే 1832లో కంపెనీ రస్సెల్ అనే అధికారిని ప్రత్యేకంగా పంపాల్సి వచ్చింది. పాలకొండ ఎస్టేటు జప్తు చేసి తర్వాత ఆర్బత్‌నాట్ అనే మద్రాసు వ్యాపార సంస్థకి కౌలుకిచ్చారు. మామూలు కోర్టులూ రూల్సూ ఈ కొండల్లో పనికిరావని 1839లో వేరే చట్టం చేసి కలెక్టర్నే ఏజెంటుగా పెట్టారు. మనం ఈ రోజుకీ "ఏజెన్సీ" అంటున్నామే, ఆ మాట అక్కడిదే. మా వాళ్లకి మాత్రం సమాధి ఒక్కటి లేదు.

గంటస్తంభం కుర్రాడు:
అన్నా, ఈ పాలకొండ సంగతి మా పుస్తకాల్లో ఒక్క లైను కూడా లేదు. బావా, దీపోత్సవానికి మళ్లీ వెళ్దామా?

బావ:
వస్తాను. మెట్లెక్కను. ఈసారి సమాధి దగ్గర దిగుతాలే, రాజుతో పోయిన సిపాయిలు కూడా అక్కడి మట్టిలోనే ఉన్నారు కదా. ఆ రశీదు కూడా తెస్తాను, మాస్టారు చూస్తానంటే.