వద్దంటున్న వ్యక్తి విషయంలో సామాజిక కార్యకర్త బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న: ఎం.ఎస్.డబ్ల్యూ. (సామాజిక కార్యంలో, అంటే సోషల్ వర్క్‌లో, పీజీ) మొదటి సంవత్సరం విద్యార్థిని

సభ్యులందరికీ నమస్కారం. ఫీల్డ్ వర్క్‌లో భాగంగా నన్ను ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పట్టణ వార్డుకు కేటాయించారు. అక్కడ డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ తన రేకుల ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు హైదరాబాద్‌లో ఉంటూ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు. ఈ మధ్య ఆమె సరిగా వండుకోవడం లేదని, ఒకసారి స్టవ్ కట్టేయకుండానే బయటికి వచ్చేశారని ఇరుగుపొరుగువారు ఆందోళనపడి, ఎక్కడైనా వృద్ధాశ్రమంలో చేర్పించమని మమ్మల్ని అడిగారు. ఉచితంగా చేర్చుకునే ఆశ్రమం ఒకటి దొరికింది కూడా. అయితే ఆమె “నా ఇల్లు వదిలి ఎక్కడికీ రాను” అని తేల్చి చెప్పేశారు.

సహాయం పొందే వ్యక్తికి తన జీవితం గురించి తానే నిర్ణయించుకునే హక్కు ఉంటుందని తరగతిలో చదువుకున్నాం. వార్డులోని వారేమో “ముసలావిడ అలాగే అంటుంది, మంచిచెడ్డలు చూడాల్సింది మీరే కదా” అంటున్నారు. ఆమె వద్దన్నారు కాబట్టి మేము తప్పుకుంటే అది నిర్లక్ష్యం కాదా? నలుగురం కలిసి ఒత్తిడి చేసి చేర్పిస్తే అది సామాజిక కార్యం అనిపించుకుంటుందా? మరో సందేహం కూడా ఉంది. ఆమెకు నెలనెలా అందే పింఛను, ఆశ్రమం వారు చేసే సేవ, మేము చేయవలసిన పని, ఈ మూడూ ఒకే కోవకు చెందినవేనా? దయచేసి వివరించగలరు.

సమాధానం 1: విశ్రాంత మెడికల్ సోషల్ వర్కర్

మీ ప్రశ్నలో ఆశ్రమం గురించి, ఇరుగుపొరుగు గురించి చాలా ఉంది గాని, ఆమె ఎందుకు వండుకోలేకపోతున్నారన్నది లేదు. ముందు తేల్చుకోవలసింది అదే. అమెరికాలో సామాజిక కార్యానికి పునాది వేసినవారిలో ఒకరైన మేరీ రిచ్‌మండ్ 1917లోనే ఈ విషయం మీద సమగ్రంగా రాశారు: వ్యక్తి పరిస్థితిని ఆధారాలతో అర్థం చేసుకున్న తరువాతే సహాయం ఏ రూపంలో ఉండాలో నిర్ణయించాలి. పరిష్కారం ముందుగా చేతిలో పెట్టుకుని మనిషి దగ్గరికి వెళితే, ఆమె చెప్పే ప్రతి మాటా మనకు మొండితనంగానే వినిపిస్తుంది.

ఆసుపత్రిలో పనిచేసిన కాలంలో “మతిమరుపు” అని కుటుంబాలు తీసుకొచ్చిన పెద్దవారిలో కొందరికి అసలు ఇబ్బంది కంటి శుక్లాలు. పొయ్యి మంట సన్నగా ఉంటే కనిపించదు, అందువల్ల ఆర్పేశామనుకుంటారు. బియ్యంలో రాళ్లు కనిపించవు, అందువల్ల వండడం మానేసి టీ, బన్నుతో గడిపేస్తారు. కళ్లు కనిపించడం లేదని ఒప్పుకుంటే ఇంట్లోంచి పంపించేస్తారేమోనన్న భయంతో ఆ సంగతి ఎవరికీ చెప్పరు. ఈ పెద్దావిడ విషయం ఇదేనని నేను అనడం లేదు. శుక్లాలు కావచ్చు, చెవుడు కావచ్చు, రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చు, నిజంగానే జ్ఞాపకశక్తి తగ్గుతూ ఉండవచ్చు. ఒక్కొక్క కారణానికి చేయవలసిన పని ఒక్కొక్కటి. శుక్లాలైతే ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రచికిత్స ఉచితంగానే చేస్తారు.

ఇంటికి వెళ్లినప్పుడు వరండాలో కూర్చుని ప్రశ్నల కాగితం నింపడం కంటే, ఆమె టీ పెడుతుంటే పక్కన కూర్చోండి. అగ్గిపుల్ల ఎలా గీస్తున్నారో, గిన్నె కోసం చేత్తో తడుముతున్నారో చూసి తీసుకుంటున్నారో గమనించండి. మాత్రల డబ్బా చూపించమని అడగండి. పొద్దుటివి, రాత్రివి ఆమె ఎలా గుర్తుపడుతున్నారో తెలిస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

ఇక స్వయం నిర్ణయం సంగతి. ఫెలిక్స్ బీస్టెక్ అనే అమెరికన్ అధ్యాపకుడు 1957లో కేస్ వర్క్ (ఒక్కొక్క వ్యక్తితో విడిగా చేసే సామాజిక కార్యం) సంబంధానికి చెప్పిన 7 సూత్రాలలో ఇది ఒకటి. దానికి హద్దులు లేకపోలేదు. విషయాన్ని అర్థం చేసుకుని నిర్ణయించుకునే స్థితిలో మనిషి లేకపోయినా, ఆ నిర్ణయం వల్ల ప్రాణాపాయం ఎదురుగా కనిపిస్తున్నా, ఇతరులకు హాని కలుగుతున్నా ఆ హక్కుకు హద్దు పడుతుంది. వయసు మీరిందన్నది మాత్రం హద్దు కానేకాదు. ఇంకొక మాట. మీరు ఆమె ముందు పెట్టింది ఒకే ఒక దారి. ఇంట్లోనే ఉంటూ భోజనం అందే ఏర్పాటు, కంటి వైద్యం, కొన్నాళ్లపాటు కొడుకు వచ్చి ఉండడం వంటివి కూడా ఆమె ముందు ఉంచి, అప్పుడు ఏం కావాలో అడిగితేనే ఆమె చెప్పినదాన్ని నిర్ణయం అనవచ్చు.

సమాధానం 2: సామాజిక కార్య విభాగ అధ్యాపకుడు

పై సమాధానంతో ఏకీభవిస్తూ, రెండో సందేహం గురించి రాస్తున్నాను. పింఛను సంక్షేమ వ్యవస్థలో భాగం. రాజ్యాంగంలోని 41వ అధికరణ వార్ధక్యంలో, అనారోగ్యంలో, నిరుద్యోగంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కు గురించి చెబుతుంది. అయితే అది ఆదేశిక సూత్రం, అంటే ప్రభుత్వానికి మార్గదర్శకం, కాబట్టి, కేవలం దాని ఆధారంగా న్యాయస్థానానికి వెళ్లి ఇప్పించమని అడగలేము. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం 1995 ఆగస్టు 15న మొదలైనప్పుడు వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా నెలకు 75 రూపాయలు. తరువాత అది 200 అయింది, 80 ఏళ్లు నిండినవారికి 500. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు అందుతున్నాయంటే అందులో అత్యధిక భాగం రాష్ట్ర ఖజానాదే. అర్హత ఉన్నవారికి నిబంధన ప్రకారం అందే సొమ్ము కాబట్టి, పింఛను తీసుకునేవారు ఎవరి దయకూ కట్టుబడి ఉండనక్కరలేదు.

ఆశ్రమం వారిది స్వచ్ఛంద సేవ. మన దేశంలో ఈ రెంటినీ కలిపే ప్రయత్నం పెద్ద ఎత్తున చేసినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ముఖ్యులు. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన ఆమె, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై, స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ గ్రాంట్లు అందే మార్గాన్ని ఏర్పరిచారు.

మీ పని ఈ రెంటికీ భిన్నమైనది. పింఛను అందరికీ ఒకే నిబంధనతో వస్తుంది, ఆశ్రమం తన దగ్గర ఉన్న సదుపాయాన్ని ఇస్తుంది. ఈ ఒక్క మనిషికి, ఈ ఇంట్లో, ఈ పరిస్థితిలో ఏది సరిపోతుందో ఆమెతో కలిసి తేల్చడం, అందుబాటులో లేనిదాన్ని సాధించడం సామాజిక కార్యం.

వార్డులోని వారి మాట కొత్తదేమీ కాదు. 1869లో లండన్‌లో పుట్టిన చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ పేదల ఇళ్లకు మనుషులను పంపి, ఎవరు సహాయానికి తగినవారో, ఎవరు తగనివారో విచారించేది. విచారణ అనే పద్ధతి మనకు అక్కడి నుంచే వచ్చింది. పేదవారికి ఏది మంచిదో వచ్చినవారికే తెలుసన్న ధీమా కూడా దానితోపాటే వచ్చింది. 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ ఒక పేదల పేటలో ప్రారంభించిన హల్ హౌస్ అనే సేవా కేంద్రం మరో దారి పట్టింది. వారు ఆ పేటలోనే నివసించి, అక్కడి వలస కార్మికుల ఇబ్బందులు తెలుసుకుని, బాల కార్మిక చట్టాల దాకా పోరాడారు. మనం పరీక్షల కోసం ఈ చరిత్రను కేవలం తేదీల జాబితాగా బట్టీ పడుతున్నామన్నది నాకు బాధ కలిగించే విషయం.

సమాధానం 3: వార్డు సచివాలయ ఉద్యోగి

పెద్దలు చెప్పినవి నాకు అర్థమయ్యాయి గాని, వార్డులో ఉండే మా వైపు నుంచి కూడా ఆలోచించాలి. రేపు ఆ ఇంట్లో నిప్పంటుకుంటే పక్క ఇళ్ల వారికీ ప్రమాదమే, కాబట్టి ఇరుగుపొరుగు భయాన్ని పెత్తనమని తీసిపారేయడం న్యాయం కాదు. కొడుకు బాధ్యత ఏమైనట్టు? తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. దాని కింద ట్రిబ్యునల్‌కు ఫిర్యాదు చేస్తే సరిపోతుంది కదా?

సమాధానం 4: విశ్రాంత మెడికల్ సోషల్ వర్కర్

పొరుగువారి భయం నిజమైనదే. అందుకే పొయ్యి విషయం మొట్టమొదట తేలాలన్నాను. అది తేలేలోగా రెండు పూటలా భోజనం పంపగల ఇల్లు ఒకటి ఆ వీధిలోనే చూడండి. ఆమె ఒప్పుకుంటే పింఛను డబ్బులోంచి కొంత ఇవ్వవచ్చు.

చట్టం మాటకు వస్తే, దరఖాస్తు ఆమె స్వయంగా ఇవ్వవచ్చు. తాను ఇవ్వలేని స్థితిలో ఉంటే, ఆమె అధికారమిచ్చిన వ్యక్తిగాని సంస్థగాని ఇవ్వవచ్చు. ట్రిబ్యునల్ తనంతట తానుగా కూడా విచారణకు తీసుకోవచ్చు. కానీ ఆమెకు చెప్పకుండా కొడుకు మీద ఫిర్యాదు నడిపిస్తే, ఆశ్రమం విషయంలో ఏ హక్కును కాపాడాలనుకుంటున్నామో దాన్నే ఇక్కడ కాలరాసినట్లవుతుంది. పైగా నోటీసు అందిన కొడుకు ఆ వచ్చే నాలుగు ఫోన్లు కూడా మానేయవచ్చు. ముందు ఆమె అనుమతితో అతనితో మాట్లాడండి. చట్టం ఉందని ఆమెకు తెలియజేయడం మీ విధి, వాడుకోవాలో లేదో ఆమె ఇష్టం.

విద్యార్థినికి ఒక సూచన. ఆమె నిరాకరణను రికార్డులో “క్లయింట్ సహకరించలేదు” అని రాయకండి. ఏమన్నారో ఆమె మాటల్లోనే రాసి, మీరు ఏయే దారులు చూపించారో, ప్రమాదం గురించి ఏం వివరించారో, మళ్లీ ఎప్పుడు వెళతారో పక్కనే నమోదు చేసి, సూపర్‌వైజర్ సంతకం తీసుకోండి. సెలవులకు మీరు వెళ్లిపోయినా తరువాత వచ్చేవారు అక్కడి నుంచి కొనసాగించగలుగుతారు.