చికాగోకి పునాది వేసింది ఎవరు?

నది_ఒడ్డు:
చికాగో మూలపురుషుడు 1700ల చివర్లో అక్కడ వ్యాపారం చేసిన జాన్ బాప్టిస్ట్ పాయింట్ డుసాబుల్ అని ఇప్పుడు అందరూ అంటున్నారు, 2021లో సరస్సు పక్కన పోయే పెద్ద రోడ్డుకి ఆయన పేరు కూడా కలిపారు. నాకు మాత్రం మనసు ఒప్పుకోవట్లేదు. 1800లోనే అంతా అమ్ముకుని వెళ్ళిపోయాడు కదా! 1830 ఆగస్టులో అక్కడ కాలువ తవ్వించడానికి ప్రభుత్వం వేసిన కమిషనర్ల కోసం జేమ్స్ థాంప్సన్ కొలతలు వేసి ప్లాట్లు గీశాకే అది ఊరయింది. అంతకుముందు ఉన్నది ఒక వ్యాపారి గుడిసె.

పాత_దస్తావేజు:
గుడిసె అన్నచోటే నాకు పేచీ అన్నా. ఆ 1800 నాటి అమ్మకం కాగితంలో ఏముందో చూడండి: 40 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు ఇల్లు, ఇంట్లో గాజు తలుపుల వాల్‌నట్ బీరువా, బయట రొట్టెలు కాల్చే కొట్టు, పాలకొట్టు, మాంసానికి పొగపెట్టే కొట్టు, గుర్రంతో తిప్పే పిండిమర, 30 పశువులు, 38 పందులు, 44 కోళ్ళు. ఒక్క ఇంటి తిండికి ఇంత సరంజామా ఎవరు పెట్టుకుంటారు? 1790లో ఆ దారిన వెళ్ళిన హ్యూ హెవార్డ్ నూలుబట్ట ఇచ్చి ఆయన దగ్గర పిండి, పందిమాంసం, రొట్టె తీసుకున్నాడు. పైగా 1804లో వచ్చిన జాన్ కిన్జీ అనే వ్యాపారి కాపురం పెట్టింది ఆ ఇంట్లోనే! అయినా చాలా కాలం కిన్జీనే మొదటివాడని చెప్పుకున్నారు, ఎందుకంటే ఆయన కోడలు జూలియెట్ 1856లో తమ కుటుంబం కథ పుస్తకంగా రాసింది. డుసాబుల్ నల్లజాతి మనిషి, ఆయన తరఫున అలా రాసినవాళ్ళు లేరు. నాకు బాధ కలిగించేది అదే.

నది_ఒడ్డు:
సరే, గుడిసె మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ వదిలేసి పోయినవాడు ఊరికి మూలపురుషుడు ఎలా అవుతాడు?

పాత_దస్తావేజు:
బావి తవ్వించినాయన పొలం అమ్ముకుని పొరుగూరు పోతే, ఆ బావి కొన్నవాడు తవ్వించినట్టా?

అడవి_ఉల్లి:
మీరిద్దరూ కిటిహావా ఊసే ఎత్తలేదు. డుసాబుల్ భార్య, పొటావటోమి అనే స్థానిక అమెరికన్ తెగ మనిషి. వాళ్ళ నేల మీద, వాళ్ళ చుట్టరికంతోనే ఆయన వ్యాపారం నిలబడింది. చికాగో అన్న పేరే అక్కడ పెరిగే అడవి ఉల్లిని పిలిచే స్థానికుల మాట నుంచి వచ్చింది. 1833 ఆగస్టులో పట్టణ హోదా ఇచ్చారు, సెప్టెంబరులో అక్కడే పొటావటోమీల చేత మిగిలిన భూములు వదులుకునే ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు. నా ఓటు డుసాబుల్‌కే, కానీ ఆ రోడ్డు బోర్డు మీద కిటిహావా పేరు కూడా ఉండాలి.