జెస్టర్ రేస్: ట్యూనింగ్ దించాం, హార్మనీ మాత్రం కుదరట్లేదు

ఆరోతీగ_భీమవరం
స్వీడన్ మెటల్ బ్యాండ్ ఇన్ ఫ్లేమ్స్ ఆల్బమ్ ‘ద జెస్టర్ రేస్’ (1996) లోంచి ‘ఆర్టిఫాక్ట్స్ ఆఫ్ ద బ్లాక్ రెయిన్’ ఇద్దరం నేర్చుకుంటున్నామండి. రెండూ స్ట్రాట్ తరహా గిటార్లు, 25.5 అంగుళాల స్కేల్, 9-42 తీగలు (సన్న సెట్), సి స్టాండర్డ్ ట్యూనింగ్ (అన్ని తీగలూ మామూలు కన్నా నాలుగు ఫ్రెట్లంత కిందికి). ఆరో తీగని గట్టిగా పిక్ చేస్తే శ్రుతి పైకెళ్ళి మళ్ళీ దిగుతోంది. హార్మనీ కోసం మొదటి గిటార్ వాయించిందే రెండోది మూడు ఫ్రెట్లు పైన వాయిస్తే కొన్ని చోట్ల బ్రహ్మాండంగా ఉంది, కొన్ని చోట్ల అపస్వరం. డిస్టార్షన్ వేస్తే అంతా ముద్ద. ఇంకోటి, ఇంట్లోవాళ్ళకి ఇదంతా అరుపులే. కానీ రెండుసార్లు వింటే ట్యూన్ నోట్లో ఆడుతూనే ఉంటుంది. అదెలా?

నఠభైరవి20
చివరి ప్రశ్నలోనే మీ అపస్వరానికి జవాబుంది. గ్రౌల్‌కి, అంటే ఆ బొంగురు అరుపుకి, నిలకడైన శ్రుతి ఉండదు. కాబట్టి పాడే పని గొంతు నుంచి గిటార్లకి బదిలీ అయింది. గాయకుడు ఆండర్స్ ఫ్రీడెన్ గొంతు లయకీ కోపానికీ. రాగం మోసేది స్ట్రామ్‌బ్లాడ్, యుంగ్‌స్ట్రామ్‌ల గిటార్లు. మన కచేరీలో వయొలిన్ గాయకుడి స్వరాన్నే పట్టుకు వెళ్తుంది. ఇక్కడ రెండో గిటార్ వేరే స్వరం పట్టుకుని, అదే నడకలో పక్కన నడుస్తుంది. మీ నోట్లో ఆడేది ఆ జతే.

ఇక లెక్క. నేచురల్ మైనర్ అంటే మన నఠభైరవి: స రి2 గ2 మ1 ప ద1 ని2. రెండో గిటార్ రాగంలోనే ఒక స్వరం వదిలి పై స్వరం వాయించాలి. స–గ, రి–మ, మ–ద, ప–ని జతలకి దూరం మూడు ఫ్రెట్లు. గ–ప, ద–స, ని–రి జతలకి నాలుగు. మీరు అన్నిటికీ మూడే జరిపారు, అందుకే గ, ద, ని దగ్గర రాగం బయటపడ్డారు. ఈ శైలిలో కొన్ని పదబంధాలు కీరవాణిలోకి జారతాయి. అక్కడ ని3 కాబట్టి ప–ని నాలుగవుతుంది, ని–రి మూడవుతుంది. ముందు పాట షడ్జమం తేల్చుకోండి. రెండో భాగాన్ని స్వరాలుగా కాగితం మీద రాసి, గిటార్ ముట్టకుండా నోటితో పాడండి.

కర్ణాటకం నేర్చినవాళ్ళకి ఇంకో చిక్కు: అలవాటుగా గమకం వేసేస్తారు. ఇద్దరి వైబ్రాటో వేగాలు కలవకపోతే జత వణుకుతుంది. తిన్నగా వాయించి, పదబంధం చివరి స్వరానికి మాత్రం ఇద్దరూ ఒకే వేగంతో వేయండి.

ట్రస్‌రాడ్_అమలాపురం
తీగల సంగతి. ఇ నుంచి సి అంటే నాలుగు సెమీటోన్లు. అదే తీగకి బిగువు మూడో వంతుకి పైగా పడిపోతుంది, శ్రుతి ఊగేది అందుకే. 12-56 వేయండి, మామూలు ట్యూనింగ్‌లో 10 సెట్ బిగువుకి దగ్గరగా వస్తుంది. కొనేటప్పుడు మూడో తీగ ప్లెయిన్‌దేనా చూసుకోండి. కొన్ని 12 సెట్లలో చుట్టిన తీగ వస్తుంది, దాని మీద బెండ్ నరకం.

లావు తీగ నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుంటే ట్యూన్ చేస్తుంటే టిక్కుమని శబ్దం వస్తుంది. గాడిని సన్న ఆకురాయితో వెడల్పు చేయించాలి, లోతు పెంచకూడదు. ఆ తర్వాత ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ), పావు తిప్పు చొప్పున. అప్పుడు ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలో శ్రుతి సరిచూడటం): 12వ ఫ్రెట్ హార్మొనిక్ కన్నా నొక్కిన స్వరం ఎక్కువ పలికితే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) వెనక్కి. రెండు గిటార్లకీ ఇది సరిగ్గా లేకపోతే పైన చెప్పిన లెక్క ఎంత బాగున్నా పై ఫ్రెట్లలో జత కలవదు.

మన చెరువుల గాలికి నెక్ కదలక మానదు. వానాకాలంలోనూ నడివేసవిలోనూ సెటప్ మళ్ళీ చూసుకోవాలి. వాయించాక తీగలు పాత పంచె ముక్కతో తుడిచి, కేసులో సిలికా జెల్ పడేయండి.

డబుల్‌పెడల్_కాకినాడ
ముద్ద గురించి: రెండు గిటార్లూ ఒకే ఆంప్‌లో పెడుతున్నారా? ఏ పెడల్?

ఆరోతీగ_భీమవరం
అవునండి, ఒకే ఆంప్, రెండు ఇన్‌పుట్లు, డిస్టార్షన్ ఆంప్‌దే. ఒక గిటార్‌కి హెచ్‌ఎం-2 తరహా డిస్టార్షన్ పెడల్ ఉంది, నాబ్‌లన్నీ ఫుల్. స్వీడన్ సౌండ్ అంటే అదే కదా?

డబుల్‌పెడల్_కాకినాడ
అది స్టాక్‌హోమ్. ఎంటూమ్డ్ బ్యాండ్ ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ (1990), సన్‌లైట్ స్టూడియో, రంపం కోతలాంటి సౌండ్. మీరు వాయించేది గోథెన్‌బర్గ్, స్టూడియో ఫ్రెడ్‌మన్, నిర్మాత ఫ్రెడ్రిక్ నార్డ్‌స్ట్రామ్ పని. ఆ పెడల్ ఈ రాగాలకి పనికిరాదు, తీసి పక్కన పెట్టండి.

అసలు దోషం ఆంప్ ఒకటే కావడం. రెండు స్వరాలు ఒకే డిస్టార్షన్‌లోంచి వెళ్తే వాటి కూడికలూ తీసివేతలూ కూడా మోగుతాయి, రాగంలో లేని స్వరాలు అడుగున గురగురమంటాయి. ఎవరి డిస్టార్షన్ పెడల్ వాళ్ళకి వేరుగా పెట్టి, ఆంప్‌ని క్లీన్‌లో ఉంచి అక్కడ కలపండి. వాల్యూమ్ కూడా ఆంప్ వగర్చనంత వరకే. గెయిన్ సగం దగ్గర మొదలుపెట్టండి, బాస్ తగ్గించండి, మిడ్ మాత్రం కోయకండి, ట్యూన్ ఉండేది అక్కడే.

పాట కూడా మార్చమంటాను. ముందు అదే ఆల్బమ్‌లో రెండోది, ‘ద జెస్టర్స్ డాన్స్’. గొంతే లేదు, చిన్నది, తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. ‘డిసెంబర్ ఫ్లవర్’ జోలికి ఇప్పుడే వెళ్ళకండి, దాని సోలో డార్క్ ట్రాంక్విలిటీ గిటారిస్టు ఫ్రెడ్రిక్ యొహాన్సన్ అతిథిగా వచ్చి వాయించింది, అది వేరే కథ.

ఆరోతీగ_భీమవరం
గ, ద, ని దగ్గర నాలుగు ఫ్రెట్లు పెట్టి చూశాం, డిస్టార్షన్ లేకుండా కలిసిందండోయ్. 12-56 సెట్లు రెండు ఆర్డర్ పెట్టాం. నట్ పని భీమవరం చుట్టుపక్కల ఎవరు చేస్తారో తెలిస్తే చెప్పండి, లేదంటే రాజమండ్రి పట్టుకెళ్తాం.