ఆస్పత్రికి తీసుకెళ్లే కుక్కకు చిక్కం కట్టడం న్యాయమేనా?

హనుమకొండ పాఠకుడు:

మా మల్లి నాలుగేళ్ల నాటు కుక్క. ఇంట్లో పసిపిల్లలు తోక పట్టుకుని లాగినా పన్ను చూపించి ఎరగదు. గత ఏడాది జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులపై అవగాహన కోసం జరిపే జూనోసిస్ దినం సందర్భంగా ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తున్నారంటే దాన్ని ఒక శిబిరానికి తీసుకెళ్లాను. వరుసలో మా ముందు ముప్పై నలభై కుక్కలున్నాయి, ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతున్నాయి. మా వంతు వచ్చేసరికే మల్లి వణికిపోతోంది. అక్కడి సహాయకుడు నన్ను ఒక్క మాటైనా అడగకుండా బ్యాండేజీ గుడ్డతో దాని మూతి బిగించి చెవుల వెనక ముడి వేశాడు. టీకా వేయడానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఆ ముడి ఊడదీసుకోవాలని అది ముందుకాళ్లతో మూతిని గీరుకున్న తీరు మాత్రం నేటికీ నా కళ్ల ముందు నుంచి పోలేదు. ముక్కు మీద చర్మం లేచిపోయి రెండు రోజులు నెత్తుటి చెమ్మ కనిపించింది. అప్పటి నుంచి ఆ వీధి మలుపు వస్తే చాలు, నేలకు కరుచుకుని పడుకుంటుంది, ఎంత పిలిచినా అడుగు ముందుకు వేయదు.

ఈ నెలలో మళ్లీ టీకా గడువు వచ్చింది. ఈసారి వేరే ఆస్పత్రికి ఫోను చేస్తే, చిక్కం కట్టి తీసుకురమ్మన్నారు. పొలంలో ఎడ్లు పంటకు మూతి పెట్టకుండా చిక్కం కట్టడం మా తాతగారి కాలం నుంచి నేను చూసిందే. అయితే ఆ ఎద్దు భయంలో లేదు, తన పని తాను చేసుకుంటోంది. భయంతో వణుకుతున్న జీవికి తన గోడు చెప్పుకోవడానికి ఉన్న ఒక్క నోటినీ కట్టేయడం వేరు సంగతి. ఇంతవరకు ఎవరినీ కరవని కుక్కకు చిక్కం కట్టడం అన్యాయమని నా అభిప్రాయం. కట్టవలసిన అవసరమే వస్తే ఆ లోపం కుక్కను పట్టుకోవడం రానివారిది. కాదనేవారు కారణాలతో చెప్పాలని కోరుతున్నాను.

పశువైద్యురాలు, గుంటూరు జిల్లా:

మీ మల్లికి జరిగినది తప్పేనని ముందుగా ఒప్పుకుంటున్నాను. యజమానికి చెప్పకుండా, జంతువుకు అర నిమిషం ఊరట ఇవ్వకుండా మూతి కట్టకూడదు. అయినా మీ వాదన మొత్తాన్ని అంగీకరించలేను.

ఇంట్లో కరవని కుక్క, బల్ల మీద కూడా కరవదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మేము చేసే పనులే అలాంటివి. చీము పట్టిన చెవిని పట్టుకుని లోపలికి చూస్తాం, విరిగిందేమోనని కాలు వంచి చూస్తాం, జ్వరం చూడటానికి మలద్వారంలో థర్మామీటరు పెడతాం. మీరు కన్నబిడ్డలా పెంచుకున్న కుక్క నొప్పి ఆపుకోలేక మీ చేతినే పట్టేస్తే అది దాని స్వభావ దోషం కాదు. ఆ కాటుకు ఖర్చు మాత్రం అందరి మీదా పడుతుంది. రేబిస్ ఉన్న దేశంలో ఏ కాటునూ చిన్నదిగా తీసుకోలేం. వెంటనే గాయాన్ని సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. ముందస్తు టీకాలు వేసుకున్న మాలాంటివారు కూడా 0వ రోజున (అంటే మొదటి సూది పడే రోజున), 3వ రోజున మళ్లీ సూదులు వేయించుకోవలసిందే. ఆ కుక్కను పది రోజులు పరిశీలనలో ఉంచాలి. ఒక్కసారి ‘కరిచే కుక్క’ అని చీటీ మీద పడిందంటే ఆ తరవాత దాన్ని ఎవరూ నిదానంగా, ప్రేమగా ముట్టుకోరు. చిక్కం కాపాడేది వైద్యుడి చెయ్యి ఒక్కదాన్నే కాదు, మీ కుక్కకున్న మంచి పేరును కూడా.

ఇక అందరం చిక్కం అనే ఒకే మాటతో పిలుస్తున్నవి నిజానికి రెండు వేరు వేరు వస్తువులు. మల్లికి కట్టిన గుడ్డ గానీ, దుకాణాల్లో దొరికే బిగుతైన నైలాను తొడుగు గానీ నోటిని పూర్తిగా మూసేస్తాయి. కుక్కకు పాదాల మెత్తల దగ్గర తప్ప చెమట పట్టదని, ఒంట్లో వేడిని ముఖ్యంగా నాలుక చాపి ఒగర్చడం ద్వారానే బయటికి పంపుతుందని గుర్తుంచుకోండి. మామూలుగానే దాని ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. మే నెల ఎండలో, భయంతో గుండె దడదడలాడుతున్న కుక్క నోరు మూసి వరుసలో నిలబెడితే వడదెబ్బ తగలడానికి ఎంతోసేపు పట్టదు. గుడ్డ ముడి అత్యవసరంలో, రెండు మూడు నిమిషాల పనికి మాత్రమే పనికివస్తుంది. వాంతులవుతున్న కుక్కకు, ఊపిరి ఆడక ఎగశ్వాస తీస్తున్న కుక్కకు అది కూడా కట్టకూడదు. రెండోది బుట్ట చిక్కం. సరైన కొలతది తొడిగితే కుక్క అందులోనే నోరు తెరిచి ఒగర్చగలదు, నీళ్లు తాగగలదు, సందుల్లోంచి మనం పెట్టే ముక్క తినగలదు. కళ్ల మధ్య నుంచి ముక్కు కొస దాకా పొడవు, నోరు కాస్త తెరిచినప్పుడు మూతి చుట్టుకొలత, ఈ రెండూ టేపుతో కొలిచి కొనండి. కొలత తీసుకోకుండా కొన్నది ముక్కును ఒరుసుకుంటుంది.

విశాఖపట్నం సభ్యుడు:

డాక్టరుగారి మాటలను గౌరవిస్తూనే, వారు ప్రస్తావించని ఒక ప్రమాదాన్ని చెప్పదలచుకున్నాను. చిక్కం ఉంది కదా అన్న ధీమాతో మనుషులు ఆగవలసిన చోట ఆగడం మానేస్తారు. నోరు స్వేచ్ఛగా ఉన్న కుక్క పెదవి నాకుతుంది, ఆవులిస్తుంది, తల పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూస్తుంది, అప్పటికీ మనం వినకపోతే గుర్రుమంటుంది. అది గుర్రుమనగానే ఏ వైద్యుడైనా చెయ్యి వెనక్కి తీస్తాడు. చిక్కం ఉన్న కుక్కను మాత్రం ఎంత గుర్రుమన్నా నలుగురు కలిసి అదిమిపట్టి పని కానిచ్చేస్తారు. మా పాత కుక్క విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. చివరికి అది బిగుసుకుపోయి కదలకుండా పడి ఉంటే, ‘చూశారా, ఎంత బుద్ధిగా ఉందో’ అన్నారు. అది బుద్ధి కాదు, ఆశ వదిలేసుకోవడం.

అందువల్ల భయం బాగా ఎక్కువగా ఉన్న కుక్కకు చిక్కం కన్నా బయలుదేరే ముందు భయం తగ్గడానికి ఇచ్చే మాత్ర మేలని నా అభిప్రాయం. ఇప్పుడున్న కుక్కకు మా వైద్యుడు గాబాపెంటిన్, ట్రాజడోన్ రాసి ఇచ్చారు, ఇంటి నుంచి కదలడానికి రెండు గంటల ముందు వేస్తాం. మత్తుగా పడిపోకుండా, కాస్త తూలినా తెలివిగానే ఉంటుంది, పెట్టిన ముక్క తింటుంది.

పశువైద్యురాలు, గుంటూరు జిల్లా:

మీ మొదటి పేరాకు నా దగ్గర సమాధానం లేదు. అలా జరుగుతుందని నేనూ చూశాను. నా చేతుల మీదుగా కూడా ఒకటి రెండు సార్లు జరిగి ఉంటుంది.

మాత్ర విషయంలో మాత్రం ఒక హెచ్చరిక తప్పదు. కుక్క బరువు, దాని గుండె, మూత్రపిండాల పరిస్థితి తెలిసిన వైద్యుడు రాస్తేనే ఇవ్వాలి. ఆస్పత్రికి వెళ్లని ఒక మామూలు రోజున ఇంట్లో ఒకసారి వేసి ఎలా పనిచేస్తుందో చూడాలి. మనుషుల కోసం ద్రవరూపంలో వచ్చే గాబాపెంటిన్‌లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండవచ్చు, అది కుక్కకు విషం. పాత రోజుల నుంచి వాడుతున్న ఎసిప్రోమజిన్ అనే మత్తుమందు కుక్క కదలికను తగ్గిస్తుందే తప్ప దాని భయాన్ని తగ్గించదు. ఇక ఇంట్లో ఉన్న నిద్రమాత్ర సగం విరిచి వేసి తీసుకొచ్చేవారికి చేతులెత్తి మొక్కుతున్నాను, దయచేసి ఆ పని చేయకండి. ఏం వేశారో మాకు చెప్పకపోతే దాని మీద మేము ఇంకో మత్తు ఇచ్చే ప్రమాదం ఉంది.

మాత్ర వేసినంత మాత్రాన కుక్క కరవదనుకోవడం కూడా పొరపాటే. మాత్ర, చిక్కం రెండూ కలిపి వాడవలసిన కుక్కలు చాలానే ఉంటాయి.

జర్మనీలో చదువుకుంటున్న ఒంగోలు విద్యార్థి:

చిక్కం అవమానమన్న భావన గురించి ఒక్క మాట. ఇక్కడి రైళ్లలో మోసుకెళ్లే బుట్టలో పట్టనంత పెద్ద కుక్కకు తాడుతో పాటు చిక్కం కూడా ఉండాలన్నది రైల్వే నియమం, సహాయక కుక్కలకు మాత్రమే మినహాయింపు. మొదట్లో నాకూ మనసు చివుక్కుమనేది. కానీ అవి యజమాని కాళ్ల దగ్గర చిక్కంతోనే ముడుచుకుని నిద్రపోతుంటాయి. పిల్లప్పటి నుంచి దాన్ని మెడపట్టీలాగే చూశాయి కాబట్టి వాటికి అదేమీ బాధగా తోచదు. మల్లికి చిక్కం అంటే తెలిసింది ఆ ఒక్క గుడ్డ ముడే కదా.

సికింద్రాబాద్ గృహిణి:

హనుమకొండ అన్నయ్యగారికి, మా ఇంట్లో జరిగినది జరిగినట్టు చెబుతాను. మా లాబ్రడార్‌కు చెవిలో చీము పట్టే జబ్బు మాటిమాటికీ వస్తుంది. నిరుడు ఆస్పత్రిలో చెవి కడుగుతుండగా నా బొటనవేలిని పట్టేసింది, నాలుగు కుట్లు పడ్డాయి. ఇంటికి వచ్చాక అది నా దగ్గరకు రావడానికి కూడా భయపడి రెండు రోజులు మంచం కింద ఉండిపోయింది. నాకు వేలి నొప్పి కన్నా అదే ఎక్కువ బాధ కలిగించింది.

తరవాత బుట్ట చిక్కం కొన్నాను గానీ మొదటి వారమంతా దాని మూతికి తొడగనే లేదు. చిక్కాన్ని గిన్నెలా తలకిందులుగా పట్టుకుని, లోపల అడుగున గట్టి పెరుగు పూసి చూపించేదాన్ని. అది తనంతట తానే మూతి పెట్టి నాకేది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తల వెనక్కి తీసుకోనిచ్చాను, నేను మాత్రం ఒక్కసారి కూడా చిక్కాన్ని దాని ముఖం మీదికి నెట్టలేదు. ఆ నియమమే ముఖ్యం. రెండో వారంలో మూతి లోపల ఉండగా పట్టీని చెవుల వెనక ఊరికే ఆనించి తీసేసేదాన్ని. మూడు లెక్కపెట్టే వరకు, తరవాత పది లెక్కపెట్టే వరకు. మూడో వారంలో పట్టీ పెట్టి, సందులోంచి ఉడికించిన కోడి కాలేయం ముక్కలు ఒక్కొక్కటే అందిస్తూ ఇంట్లోనే తిప్పాను. ఒకరోజు తొందరపడి ఐదు నిమిషాలు ఉంచితే కాలితో గీరుకుంది, మర్నాడు మళ్లీ పెరుగు దగ్గరి నుంచే మొదలుపెట్టాను. ఇందులో చుట్టాల ఇంటి బిర్యానీ ముక్కలు మాత్రం వాడకండి, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు హాని చేస్తాయి.

వీటితో పాటు రోజూ సాయంత్రం చెవి ఎత్తి చూడటం, పాదం పట్టుకోవడం, తోక ఎత్తడం, ఆ వెంటనే ఒక ముక్క పెట్టడం. మా ఆస్పత్రివారిని అడిగి మూడుసార్లు ఏ పనీ లేకుండా ఊరికే తీసుకెళ్లాను. తూకం యంత్రం మీద నిలబెట్టి, ముక్క తినిపించి తీసుకొచ్చాను. ఇప్పుడు నేను చిక్కం చేతిలోకి తీసుకుంటే షికారుకేమోనని తోక ఊపుతూ తనే మూతి పెడుతుంది. చెవి కడిగేటప్పుడు ఇప్పటికీ దానికి భయమే, నేను కాదనను. అయితే నేను ఇప్పుడు దాని తలను నా ఛాతీకి ఆనించుకుని మాట్లాడుతూ ఉండగలుగుతున్నాను. చిక్కం లేనప్పుడు నాకే చేతులు వణికేవి, తాడు ఆ వణుకును దానికి చేరవేసేది.

నెల్లూరు సభ్యురాలు:

మాది పగ్. ఆ చప్పిడి ముక్కుకు మామూలు బుట్ట నిలవదు, అసలే ఊపిరికి కష్టపడే జాతి కావడం వల్ల మా వైద్యుడు చిక్కం వద్దనే అన్నారు. తువ్వాలును మెడ చుట్టూ వదులుగా మడిచి పట్టుకుని సూది వేస్తారు. అన్ని కుక్కలకూ ఒకే మాట చెప్పకూడదని మాత్రమే ఇది రాస్తున్నాను.

హనుమకొండ పాఠకుడు:

అందరి జవాబులూ రెండేసి సార్లు చదివాను. మూతి కట్టడం, చిక్కం అలవాటు చేయడం ఒకటి కావని అంగీకరిస్తున్నాను. నేను అన్యాయమన్నది మొదటిదాన్ని, రెండోదాని గురించి నాకు తెలియదు. కరవని కుక్క అన్న నా మాటను కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. మూడు వారాల సాధన చేయగల తీరిక, బుట్ట చిక్కం కొనగల స్తోమత ఉన్నవారి కుక్కలే మర్యాద పొంది, జూలై 6న వరుసలో నిలబడే కూలివాడి కుక్కకు గుడ్డ ముడే దక్కడం నాకు సమ్మతం కాదు. ఒక్కరోజున వందల కుక్కలను ఒకేచోట చేర్చే బదులు కాలనీలవారీగా, వేర్వేరు వేళల్లో పిలవవచ్చు. శిబిరంలో రెండు మూడు కొలతల బుట్ట చిక్కాలు ఉంచి, ఒక్కొక్క కుక్కకు వాడాక కడిగి వాడవచ్చు. విశాఖ సభ్యుడు చెప్పిన ప్రమాదానికీ ఎవరూ సమాధానం చెప్పలేదు. చిక్కం ఉన్నా, కుక్క గుర్రుమంటే పని ఆపమని అడిగే హక్కు యజమానికి ఉండాలి.

పశువైద్యురాలు, గుంటూరు జిల్లా:

ఆ హక్కు మీకు ఉంది, అడగండి. ప్రాణం మీదికి వచ్చిన సందర్భంలో తప్ప, టీకా ఈరోజు కాకపోతే రెండు రోజులాగి వేయవచ్చు. శిబిరానికే రావాలని కూడా లేదు. మల్లిలాంటి కుక్కను రద్దీ తగ్గాక తీసుకొస్తానని ముందే చెప్పి, లోపలికి తేకుండా చెట్టు కింద నిలబెట్టండి, మేమే సూదితో బయటికి వస్తాం. మా దగ్గర చాలామందికి అలాగే వేస్తున్నాం. కాలనీలవారీ శిబిరాల మాట మా పై అధికారులకు నేనే రాస్తాను.

హనుమకొండ పాఠకుడు:

కృతజ్ఞతలు డాక్టరుగారూ. బుట్ట చిక్కం నిన్న వచ్చింది. సికింద్రాబాద్ చెల్లెమ్మ చెప్పినట్టే అడుగున పెరుగు పూసి నేల మీద పెట్టి, నేను మూడడుగులు వెనక్కి జరిగి కూర్చున్నాను. మల్లి పావుగంట సేపు దూరం నుంచే చూసింది. తరవాత మెడ సాచి అంచు మీది పెరుగు ఒక్కసారి నాకి వెనక్కి వెళ్లిపోయింది. ఆ రోజుకు అంతటితో తీసేశాను. మరో అనుమానం, ముక్కు మీద పాత గాయం మచ్చ దగ్గర వెంట్రుకలు ఇంకా పలచగానే ఉన్నాయి, అక్కడ ఒరుసుకోకుండా లోపల మెత్తటి గుడ్డ కుట్టవచ్చా?