జూన్ వనభోజనం: తెల్ల ష్పార్గెల్ వంటకు మనుషులు కావాలి

వంటల బాధ్యత:
అందరికీ నమస్కారం. పులిహోర, గుత్తివంకాయ, పెరుగన్నం ఖాయం. వాటితోపాటు ఈసారి తెల్ల ష్పార్గెల్, అంటే తెల్ల ఆస్పరాగస్ కాడలు కూడా పెట్టి తీరాలని నా పట్టుదల. తెనాలి నుంచి ఇక్కడ జర్మనీకి వచ్చిన మా అమ్మ, మన దగ్గరి ష్వెట్‌సింగెన్ ఊళ్లో కోట ముందు బజారులో ఆ కట్టలు చూసి, ములక్కాడలకు తొక్క తీసి అమ్ముతున్నారా అని అడిగింది. ఇంటికి తెచ్చి ఉడికించి వెన్న పోసి పెడితే, ఆవకాయ జోలికి పోకుండా తినేసింది. ఇంత దగ్గర్లో పండేది మనవాళ్లలో చాలామంది రుచే చూడలేదు.

తేదీ మాత్రం జూలైకి జరపొద్దండి. జూన్ 24తో కోత ఆపేస్తారు. ఆ తర్వాత కాడల్ని పెరగనిస్తేనే మొక్క వచ్చే ఏడాదికి వేళ్లలో బలం నింపుకుంటుంది.

కొనుగోళ్లు:
అక్కా, భోజనమంతా అదే అయితే మనిషికి అరకిలో లెక్క. మనకు రుచికే కదా, తలా రెండు కాడలు చాలు. నలభై మందికి ఆరు కిలోలు తెస్తాను. వంకర కాడలు రెండో రకం కింద చవగ్గా ఇస్తారు, రుచిలో తేడా ఉండదు.

వంటల బాధ్యత:
సరే తమ్ముడూ. రెండు కాడలు ఒకదానితో ఒకటి రుద్ది చూడు, కీచుమంటే తాజావి. కోసిన చోట తడి ఉండాలి. తెచ్చాక తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు.

అసలు పనంతా తొక్క తీయడమే. మొన కింద మొదలుపెట్టి అడుగుదాకా తీయాలి, పీచు మిగిలితే నమలలేం. తొక్కలు పారేయొద్దు. అవి మరిగించి వడకట్టిన నీళ్లలోనే ఉప్పు, చిటికెడు చక్కెర, కాస్త వెన్న వేసి కాడలు ఉడికిద్దాం. పావుగంటకు కత్తి మొన సులువుగా దిగితే దించేయడమే.

వేదిక ఏర్పాట్లు:
తాలింపు వేద్దామా అక్కా?

వంటల బాధ్యత:
తెల్లదానికి వద్దమ్మా. ఎండ తగలకుండా మట్టి కట్టల కింద పెరిగింది, అందుకే అంత సున్నితం. ఇంగువ పడితే దాని రుచే తెలియదు. ఆకుపచ్చ రకం పైన ఎండలో పెరుగుతుంది, దానికి ఆవాలు, ఎండుమిర్చి బాగా పడతాయి. అదో పళ్లెం విడిగా చేద్దాం.

వీటి మీద పోసుకునే హోలండేజ్ అనే వెన్న సాస్‌లో గుడ్డు పచ్చసొన ఉంటుంది. శాకాహారులకు కరిగించిన వెన్న, ఉడికించిన బంగాళాదుంపలు. సాస్ వేరే బల్ల మీద, పేరు రాసి పెట్టాలి.

తొక్క తీయడానికి నలుగురు కావాలి, ఉదయం తొమ్మిదికల్లా. పీలర్ ఎవరిది వాళ్లే తెచ్చుకోండి.

పిల్లల ఆటలు:
నేనూ, మా ఆయనా వస్తాం. ఇంకో ఇద్దరు పేర్లివ్వండి.